వాల్వు కడ్డీకి పసుపు దారం

నేను ఏం చదువుతున్నానని ఎవరు అడిగినా మా గల్లీలో ఒకటే జవాబు: "ఆటల మీద చదువుతాంది." అడిగినవాళ్లు నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "కబడ్డీయా, ఖోఖోనా?" అనేవాళ్లు. నా ఒడ్డూ పొడుగూ చూస్తే ఆ రెండింటికీ పనికిరానని వాళ్లకే తెలిసిపోయేది. నవ్వుకుంటూ పోయేవాళ్లు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. పోను పోను నేనే "పులి-మేక" అని చెప్పడం మొదలుపెట్టాను. అది అబద్ధం కూడా కాదు.

బండ మీద సుద్దతో గీతలు గీసి, పులులకు రాళ్లు, మేకలకు చింతగింజలు పెట్టి ఇద్దరు ఆడతారు చూడండి. ఆ గీతల్నీ, అవి కలిసే చోట్లనీ కలిపి మా శాస్త్రంలో గ్రాఫు అంటాం. పులి-మేక ఆడేవాడికి పాత సంగతులతో పని లేదు. మధ్యలో మీరు లేచిపోయి ఇంకొకరిని కూర్చోబెట్టినా, ఆ కొత్త మనిషి బండను చూసి, వంతు ఎవరిదో అడిగి ఆడేయగలడు. ఏ మేక ఎట్లా చచ్చిందో తెలియకపోయినా అతనికి వచ్చే నష్టం లేదు. కొన్ని ఆటలు అట్లా ఉండవు. తిరిగి తిరిగి అదే చోటుకు వస్తాం, వచ్చినప్పుడు పోయినసారి ఇక్కడ ఏం చేశామో యాదికి లేకపోతే ఓడిపోతాం. ఏ ఆటకు ఎంత జ్ఞాపకం కావాలి, అంతకు తక్కువైతే ఎందుకు కుదరదు అన్నదే నా పరిశోధన. "జ్ఞాపకం ఉంటే మంచిది" అంటే మా గైడు ఒప్పుకునేవారు కాదు. "ఇంతకు తక్కువైతే ఓడతాడని చూపించు. ఇంతకు ఎక్కువ అక్కర్లేదని కూడా చూపించు" అనేవారు. ఆ మొండితనం నాకు బాగా నచ్చింది. మా ఇంట్లో నన్ను మొండిఘటం అనే తిట్టేవాళ్లు మరి.

థీసిస్ రాసుకోవడానికని హాస్టల్ గది ఖాళీ చేసి ఇంటికి వచ్చిన ఏడాది ఇది జరిగింది. మా ఊరు కట్టంగూర్ దాటాక హైవే దిగి లోపలికి పోతే వస్తుంది. ఊళ్లో మా వైపు రెండు గల్లీలు. ఎత్తు మీద ఉన్నది పై గల్లీ. పల్లంలో ఉన్నది మగ్గాల గల్లీ, అది మాది. బాపు మగ్గం నేస్తాడు. అమ్మ నూలుకు చిటికి కట్టి రంగు అద్దుతుంది. అంటే నేయక ముందే నూలును అక్కడక్కడ రబ్బరు పట్టీతో బిగించి రంగులో ముంచుతారు. బిగించిన చోట తెల్లగా మిగులుతుంది, మిగతాది రంగు పట్టుతుంది. నేసేటప్పుడు ఆ తెలుపంతా చుక్కలై, పువ్వులై కనిపిస్తుంది. రంగులోంచి తీసిన నూలును వెంటనే మంచి నీళ్లలో బాగా జాడించాలి. జాడించకపోతే ఎరుపు కారి తెలుపు మీదికి పాకుతుంది. అంతే, ఇన్నాళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

మా నేల కింద నీళ్లు ఎట్లాంటివో నల్గొండ జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. రంగుకూ అవి పనికిరావు. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది, నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చాయి. మొదటిరోజు ఆ నీళ్లలో నూలు జాడించి అమ్మ ఎంత మురిసిందో చెప్పలేను. "చూడు బిడ్డా, ఎరుపు ఎరుపు లెక్కనే ఉన్నది" అని ఫోను చేసి మరీ చెప్పింది. తీరా నేను ఇంటికి వచ్చేసరికి ఆ మురిపెం పోయింది. కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది, పోయేది. ట్యాంకు నిండితే ఒక్క గల్లీకే సరిపోయేది. రెండు గల్లీలకూ ఒకేసారి వదిలితే ఎవరి నల్లాలోనూ ధార రాదు. అందుకని రోజుకు ఒక గల్లీకి వదలాలని ఊరి పెద్దలు అనుకున్నారట. అనుకున్నారు సరే. మా గల్లీకి వారం దాటినా నీళ్లు రాని రోజులు వచ్చాయి.

నీళ్లు వదిలేది ఒక చాచా. ట్యాంకు కింద గుంతలో రెండు వాల్వులు ఉంటాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో ఇనుప కడ్డీ పైకి లేచి ఉంటుంది. పొద్దున సైకిలు మీద వచ్చి రెండింట్లో ఒక కడ్డీ తిప్పి పోతాడు. మనిషి మంచివాడు. నా చిన్నప్పుడు నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపినవాడు. నేను పోయి నిలదీశాను.

"చాచా, నిన్న ఎవరికి ఇడిచినవ్?"

"నిన్ననా? జర ఆగు బేటీ..." తల గోక్కున్నాడు. "పై గల్లీకే అనుకుంట."

"మొన్న?"

"అరే, నాకు ఊరు మొత్తం మీద ఇన్ని వాల్వులున్నయి. ఏది ఎప్పుడు తిప్పిన్నో యాది ఉంటదా? పొద్దుగాల వస్త. ఎవలు గట్టిగ మొత్తుకుంటే వాళ్లకు ఇడుస్త. మీ గల్లీల మగ్గాల సప్పుడుకు ఎవ్వలు బయటికి రారు. పై గల్లీ పెద్దాయన మాత్రం రోజు వస్తడు."

ఆ మాట వినగానే నాకు కోపం రావాల్సింది. కానీ, నిజం చెప్తున్నాను, ముందు వచ్చింది ఆశ్చర్యం. నా థీసిస్ రెండో అధ్యాయం ఆ గుంత దగ్గర నిలబడి ఉంది! ఒక ఆటగాడు చాచా. ఎదుటి ఆటగాడు కరెంటు, అది దాని ఇష్టం వచ్చినప్పుడు ఆడుతుంది. చాచా ప్రతి పొద్దూ అదే గుంత దగ్గరికి వస్తాడు. పై గల్లీకీ నీళ్లు అందుతూ ఉండాలి, మా గల్లీకీ అందుతూ ఉండాలి, అప్పుడే గెలిచినట్టు. ఏమీ గుర్తుపెట్టుకోని మనిషి అదే చోటుకు వచ్చిన ప్రతిసారీ అదే పని చేస్తాడు. అందుకే ఒక గల్లీ ఎండిపోతుంది. దీనికి చాచా మంచితనం గానీ చెడ్డతనం గానీ కారణం కాదు. ఎంత మంచివాణ్ని తెచ్చి నిలబెట్టినా అంతే. జ్ఞాపకం లేకుండా ఈ ఆట గెలవలేం. గెలవడానికి కావలసిన జ్ఞాపకమైనా ఎంతని? పోయినసారి ఎవరికి వదిలాడు, ఆ ఒక్క ముక్క.

అమ్మకు ఇదంతా చెప్పాను. అమ్మ రబ్బరు పట్టీలు బిగిస్తూ విన్నది. విని, "చెప్పినవు గని, నీళ్లెప్పుడొస్తయి?" అన్నది.

అప్పుడు అమ్మ చేతిలో ఎరుపు మీద తెల్ల చుక్కలు రావలసిన పడుగు, అంటే చీర నిలువుపోగుల నూలు, ఉంది. అంతకు ముందుదానికి సమయానికి నీళ్లు లేక, బోరు నీళ్లలో జాడిస్తే చుక్కలు గులాబీ రంగుకు తిరిగాయి. నూలు ఇచ్చే షావుకారు ఆ చీరలను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకొక్కసారి రంగు కారిందంటే మీ ఇంట్ల అద్దకం బంద్. అద్దిన నూలు నేనే బయట నుంచి తెప్పిస్త, నేసిస్తే చాలు" అన్నాడు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. చిన్నపిల్లగా వాళ్ల అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. ఎరుపులోనే ఎన్ని ఎరుపులున్నాయో ఆమెకు తెలుసు. ఆ పని చేతిలోంచి పోతే అమ్మ ఉట్టిగా కూర్చుని బాపు మగ్గానికి నూలు కండెలు చుట్టుకోవాలి. ఈ పడుగు చెడిపోకూడదు. నాకు ఇంకేమీ పట్టలేదు. థీసిస్సూ లేదు, గైడూ లేడు.

మర్నాడు పొద్దున్నే గుంత దగ్గరికి పోయాను. పై గల్లీ పెద్దాయన అక్కడే ఉన్నాడు. ఒకప్పుడు వార్డు మెంబరుగా చేసినవాడు, భుజం మీద తువ్వాలు దిగదు. నేను చెప్పిందంతా చిరునవ్వుతో విన్నాడు. ఆ చిరునవ్వు చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది.

"సదువుకున్న పిల్లవు, గిట్ల మాట్లాడుతవేంది?" అన్నాడు. "నిన్న ఎవరికొచ్చినయి, మొన్న ఎవరికొచ్చినయి అని పాత ముచ్చట్లు తవ్వుకుంట కూసుంటే ఊరు నడుస్తదా? ఇయ్యాల ఎవరికి అవసరమో అది చూడాలె. ఇయ్యాల మా ఇంటికి సుట్టాలొస్తున్నరు."

"నిన్న?"

"నిన్న శుక్రారం. ఇల్లు కడుక్కోవద్దా?"

"రోజుకొక ఇయ్యాల ఉంటది పెద్దబాపూ. మీ ఇయ్యాలలు ఒడవవు, మా నల్లా తడవదు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మొహం మాడింది. కొత్త ఎత్తు తీశాడు. "సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు. రోజు పొద్దుగాల రూపాయి బిళ్ల ఎగరేద్దాం. బొమ్మ పడితే మాకు, బొరుసు పడితే మీకు. ఎవరికి ఏది యాది పెట్టుకునే పని లేదు."

ఏం చెప్పమంటారు! కాగితం మీద ఆయన మాట తప్పు కాదు. ఇట్లాంటి ఆటల్లో జ్ఞాపకానికి బదులు బిళ్ల ఎగరేసినా సరిపోతుందని మా శాస్త్రంవాళ్లు ఎప్పుడో రుజువు చేశారు. ఎగరేస్తూ పోతే రెండు గల్లీలకూ నీళ్లు వస్తూనే ఉంటాయి, అనుమానం లేదు. కానీ ఎప్పుడు? వరసగా ఎన్నిసార్లు బొమ్మ పడుతుందో ఎవరు చెప్పగలరు? ఎప్పటికో ఒకప్పటికి తప్పకుండా వస్తాయన్న మాట రుజువుకు సరిపోతుంది. ఎరుపులోంచి తీసి పట్టుకున్న నూలుకు సరిపోదు.

"వద్దు" అన్నాను. "మా అమ్మ రంగు బిళ్ల కోసం ఆగదు. చాచాకు యాది ఉండకపోతే కడ్డీకి ఉంటది."

ఇంటికి పోయి, పోయిన చీరలో మిగిలిన పసుపు నూలు పేట ఒకటి తెచ్చాను. మా కడ్డీకి కట్టాను. అందరూ వినేట్టు చెప్పాను. దారం ఎటు ఉంటే నీళ్లు అటు. నీళ్లు వదిలాక చాచా ఆ దారం విప్పి రెండో కడ్డీకి కట్టాలి. పోయినసారి ఏం జరిగిందో ఎవరినీ అడగనక్కర్లేదు, దారం చెప్తుంది. చాచాకు ప్రాణం లేచొచ్చింది. "గిది మంచిగున్నది బేటీ. ఇగ నన్ను ఎవ్వలు పీక్కతినరు" అన్నాడు. పెద్దాయన కూడా కాదనలేకపోయాడు. ఇంత చిన్నదాన్ని ఏమని కాదంటాడు?

ఆ రోజు మా గల్లీలో నీళ్లు వచ్చాయి. మర్నాడు పై గల్లీకి, ఆ మర్నాడు మాకు. నేను గాల్లో తేలాను. గైడుకు ఫోను చేసి, "సర్, మా ఊళ్లో రెండో అధ్యాయం నడుస్తోంది" అని చెప్పాను. ఆయన నాకు జ్వరం వచ్చిందనుకుని ఉంటారు.

ఆ సంబరం నిలవలేదు. అది శ్రావణ మాసం. పై గల్లీలో ఒక ముసలవ్వ ఉంది, ఆమెకు చూపు అంతంత మాత్రం. శుక్రవారం పొద్దున ట్యాంకు పక్క నుంచి పోతూ కడ్డీకి పసుపు దారం చూసింది. నీళ్లు వచ్చే చోట పసుపు దారం కట్టి ఉంటే మావాళ్లు ఏమనుకుంటారు? గంగమ్మకు ఎవరో మొక్కు కట్టారనే. ఆమె రెండు చేతులా దండం పెట్టి, ఇంటికి పోయి పసుపు కుంకుమ తెచ్చి కడ్డీకి పూసింది. ఆమెను చూసి ఇంకొకామె కొబ్బరికాయ కొట్టింది. పొద్దెక్కేసరికి గుంత చుట్టూ ముగ్గు కూడా పడింది. దారం ఆ సమయానికి పై గల్లీ కడ్డీకి ఉంది.

ఇగ చాచా ఆ దారాన్ని ముట్టలేదు. వేలు కూడా తగిలించలేదు. నేను పోయి అడిగితే దాదాపు ఏడుపు మొహం పెట్టాడు.

"నేనెట్ల ముట్టాలె బేటీ? మీ దేవత దారమని అంటున్నరు. రేపు ఎవలింట్ల ఏమన్న జరిగితే, సాయిబు దారం ఇప్పిండని నా మీదికొస్తరు. నా పిల్లలు గీ ఊళ్లెనే ఉండాలె గదా."

ఆయన భయం ఉత్త భయం కాదని నాకూ తెలుసు. కానీ మనిషి మాట తప్పేవాడు కాదు. దారం ఎటు ఉంటే నీళ్లు అటు అని నేనే చెప్పానాయె. దారం పై గల్లీ కడ్డీకి ఉంది. రోజూ వచ్చేవాడు, దారాన్ని చూసేవాడు, పై గల్లీకి వదిలేవాడు. అంత నిక్కచ్చిగా నా నియమాన్ని ఎవరూ పాటించి ఉండరు. మార్చలేని జ్ఞాపకం మరుపు కన్నా అధ్వాన్నమని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ముందు చాచా కనీసం అరిచినవాడి మాట వినేవాడు. ఇప్పుడు అదీ లేదు.

పెద్దాయన పండగ చేసుకున్నాడు. "గంగమ్మే మా దిక్కు చూసింది, మేమేం చేస్తం?" అని హోటల్ దగ్గర అన్నాడట.

అమ్మ పడుగు చిటికి కట్టడం అయిపోయింది. ఇక రంగులో ముంచడమే. ఆలస్యమైతే షావుకారు మనిషిని పంపుతాడు. "ఏం చెయ్యమంటవు?" అని అమ్మ నన్నే అడిగింది. "నీ దారమే గదా మన నోట్ల మన్ను కొట్టింది." ఆ మాట గుచ్చుకుంది. నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను. అమ్మ వెనక నుంచి, "పోయి కొట్లాట పెట్టుకోకు" అని అరిచింది. పెట్టుకోవడానికే పోతున్నానని అమ్మకు బాగా తెలుసు.

గుంత దగ్గర చాచా ఉన్నాడు, పెద్దాయన ఉన్నాడు, నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లున్నారు. ముసలవ్వ అక్కడే కూర్చుని అగర్బత్తి ముట్టిస్తోంది. వంగి ముడి విప్పసాగాను. కుంకుమ తడిసి ఎండి ముడి బిగుసుకుపోయింది.

"ఏయ్, ఏం చేస్తున్నవ్? గంగమ్మ దారం ఇప్పుతవా? ఊరికి అరిష్టం!" పెద్దాయన గొంతు లేచింది.

"ఇది గంగమ్మ దారం కాదు" అన్నాను, నా గొంతు ఆయన గొంతుకన్నా పైకి పోయింది. "మా అమ్మ అద్దిన నూలు. పోయిన చీరల మిగిలింది. కట్టింది నేను. అప్పుడు మీరు గీ జాగాలనే నిలబడి చూసిన్రు. ఇప్పుడు యాదికి లేదంటరా? అరిష్టం వస్తే నా మీదికే రానియ్యండి. నీళ్లు రాక ఎండుడు కన్న పెద్ద అరిష్టం ఏముంటది?"

ముసలవ్వ లేచి నా దగ్గరికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. నా మొహం దగ్గరికి మొహం పెట్టి చూసింది.

"కట్టింది నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా."

"అయితే ఇప్పు. నాకేమెరుక, గంగమ్మదే అనుకున్న." తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "గంగమ్మకు పై గల్లీ కింద గల్లీ ఉంటదారా?" అని అడిగి, పసుపు చేతితో పోయి మా కడ్డీకి కూడా ఇంత పూసి వచ్చింది. అక్కడితో ఆ సంగతి తెగిపోయింది. దారం మా కడ్డీకి కట్టాను. చాచాను మళ్లీ ఇబ్బంది పెట్టవద్దని అందరి ముందే ఒక మాట అనుకున్నాం. నీళ్లు పట్టుకున్న గల్లీ వాళ్లే, నీళ్లు ఆగాక దారం విప్పి అవతలి కడ్డీకి కట్టాలి. చాచా దారాన్ని చూసి కడ్డీ తిప్పడమే.

ఆ రోజు మా నల్లాల్లో ధార వచ్చింది. అమ్మ సగం పడుగు ముంచి, తీసి, జాడించి ఆరేసింది. చుక్కలు మల్లెల్లా తెల్లగా ఉన్నాయి. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ఈల వేశాను, బాపు తిట్టాడు.

సాయంత్రం మా గల్లీ వాళ్లంతా మా అరుగు మీద చేరారు. అందరూ ఒకటే మాట. దారం విప్పవద్దు. వరసకు మామ అయ్యే ఒకాయన, రోజంతా మగ్గం గుంతలో కూర్చుని నోరెత్తనివాడు, ఆవేళ మాత్రం తొడ చరిచాడు. "ఇన్నొద్దులు మన నోరు కొట్టి వాళ్లు తాగిన్రు. ఇగ నెల దినాలు మనమే పట్టుకోవాలె. యాది యాది అని నువ్వే అంటివి గదా కోడలా? మాకు అన్నీ యాదికున్నయి!"

అమ్మ కూడా వాళ్ల వైపే. అంతేకాదు, మర్నాడు కూడా నీళ్లు మనకే అని నమ్మి, మిగిలిన సగం పడుగునూ అప్పటికే రంగులో ముంచేసింది. రేపు పొద్దున జాడించాలి.

నాకు వాళ్ల కోపం అర్థమైంది. నా లోపలా అదే ఉంది. ఆ కోపాన్ని వదిలిపెట్టేస్తే నేనే అందరికన్నా ముందు పోయి పై గల్లీ పైపు కోసి వచ్చేదాన్ని. కానీ మామ మాటతోనే నాకు బుర్ర తిరిగింది. లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? నల్లా వచ్చిన రోజు నుంచా? పై గల్లీ వాళ్లకూ యాదులున్నాయి. మా గల్లీ చేదబావి మీద వాళ్లను తోడుకోనివ్వని రోజులు వాళ్ల ముసలివాళ్లు ఇప్పటికీ చెప్తారు. వాళ్ల లెక్క వాళ్లది, మా లెక్క మాది, రెండూ ఏనాటికీ కలవవు. దారం అట్లా కాదు. అది రెండు గల్లీలకూ కనిపిస్తుంది. పోయినసారి ఎవరిదో మాత్రమే చెప్తుంది. ఈ ఆటకు అంతే కావాలి. అంతకు తక్కువైతే మేం ఎండిపోతాం, అంతకు ఎక్కువైతే కొట్టుకు చస్తాం.

"పోయినసారి మనకొచ్చింది మామా. ఈసారి వాళ్లది. నేను కడుతున్న" అని లేచాను.

"నూలు రంగుల ఉన్నదే!" అన్నది అమ్మ. "రేపు జాడించకుంటే కారుతది. నీకు తెల్వదా?"

"తెలుసమ్మా."

"తెలిసి పోతున్నవా?"

పోయాను. దారం విప్పి పై గల్లీ కడ్డీకి కట్టాను. తిరిగి వస్తుంటే మా గల్లీలో ఒక్క తలుపు కూడా తెరిచి లేదు. అమ్మ ఆ రాత్రి నాకు కంచం పెట్టలేదు. నేనూ అడగలేదు. నేను చేసింది సరైనదేనని నాకు తెలుసు. తెలిసినా, రంగులో ఉన్న నూలును లేచి లేచి చూసి వచ్చాను.

మర్నాడు నీళ్లు పై గల్లీకి పోయాయి. అమ్మ మిగిలిన సగం నూలును బోరు నీళ్లలో జాడించింది. నేను సాయం పోతే నా చేతిని తోసేసింది. మధ్యాహ్నానికి చుక్కలు గులాబీ రంగుకు తిరిగాయి. ఇక దాన్ని పూర్తిగా నల్లరంగులో ముంచి కొంగుకు, అంచుకు వాడుకోవడం ఒక్కటే దారి. నలుపుకు ఇంకా ఎక్కువ నీళ్లు కావాలి. రేపు మాకు నీళ్లు వస్తే పడుగు దక్కుతుంది. రాకపోతే షావుకారు మాట ఖాయమవుతుంది, అమ్మ చేతిలో పని పోతుంది. ఆ సాయంత్రం నేను పది మాట్లు వీధిలోకి పోయి ట్యాంకు వైపు చూశాను. చీకటి పడుతుండగా ముసలవ్వ తడుముకుంటూ వచ్చి దారం విప్పి మా కడ్డీకి కట్టి పోయింది.

పొద్దున నేను లేచేసరికి ఇంట్లో అమ్మ లేదు. పరుగెత్తాను. అమ్మ గుంత దగ్గర నిలబడి ఉంది. మోచేతుల దాకా ఎరుపు, కొంగు నడుముకు దోపి ఉంది. ఎన్నడూ ఇల్లు దాటి నలుగురిలో మాట్లాడిన మనిషి కాదు. మా గల్లీ వాళ్లు కూడా వచ్చారు, మామ కూడా. ఎదురుగా పెద్దాయన, పక్కన చాచా కడ్డీ మీద చేయి వేసి ఎటూ తేల్చుకోలేక చూస్తున్నాడు.

"ఒక్కపూట సర్దుకోండ్రమ్మా" అంటున్నాడు పెద్దాయన, గొంతు తేనెలా చేసి. "మా మనుమరాలికి సంబంధం చూడనీకె వస్తున్నరు. ఇయ్యాల ఒక్కరోజు. మీ బిడ్డ మంచిది, నిన్న నియ్యతుగ ఇడిచిపెట్టింది. మీరు గట్లనే జర మంచి మనసు చేసుకోవాలె."

అమ్మ నా వైపు చూడలేదు. ఆయన కళ్లలోకే చూసింది.

"నా బిడ్డ మంచి మనసుతోని ఇడిచిపెట్టలేదు" అన్నది. "మీ వంతు అని ఇడిచిపెట్టింది. నా నూలు సగం ఖరాబైతదని తెలిసి ఇడిచిపెట్టింది. మొన్న రాత్రి నేను దాన్ని తిట్టిన, అన్నం పెట్టలే. నిన్న మీ నీళ్లు నేను గుంజుకొని ఉంటె ఇయ్యాల మీ ముందట నిలబడే మొహం నాకు ఉండకపోవు. ఇప్పుడున్నది. ఇది నా వంతు. అడుగుతలేను, చెప్తున్న. తిప్పు చాచా."

చాచా మా కడ్డీ తిప్పాడు. పెద్దాయన తువ్వాలు సర్దుకుని పక్కకు జరిగాడు. అమ్మ నన్ను దాటి ఇంటి దారి పట్టింది, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగింది.

"ఏం చూస్తున్నవ్, నల్లరంగు కలపాలె. నడువ్."